మా నాయన కండ్లు - నీటికాసుల సంగతి

కంటిని గురించి వ్యాసం రాసేవాళ్ళు "సర్వేంద్రియాణాం నయనం ప్రధానం" అంటూ మొదలుపెట్టడం మన సంచికల్లో ఆనవాయితీ. నేను చదువుకునే రోజుల్లో అలాంటి వ్యాసాలు కనీసం మూడైనా చదివి ఉంటాను. చదివి పేజీ తిప్పేశాను. అందుకే ఈ ఏడాది విద్యార్థి సంఘం పిల్లలు ఇంటికొచ్చి "సార్, భౌతికశాస్త్రం మీద ఏదైనా రాసివ్వండి" అని అడిగినప్పుడు, భౌతికశాస్త్రమే రాస్తాను గానీ దాన్ని మా నాయన కండ్ల మీద రాస్తానన్నాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దాయనకు చాదస్తం అనుకున్నారో ఏమో, కాఫీ తాగి సరేనని వెళ్ళారు.

నేను డాక్టరును కాను. పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి. అయితే ఇరవై ఏళ్ళకు పైగా రోజూ కంటిలో చుక్కలు వేసుకుంటున్న రోగిని. రోగికి తెలిసే సంగతులు కొన్ని ఉంటాయి. వాటికి పుస్తకాల్లో చదివినవీ, డాక్టర్లను విసిగించి అడిగి తెలుసుకున్నవీ కలిపి ఇక్కడ చెబుతున్నాను.

మాది పాకాల దగ్గర పల్లె. నాయనకు ఆరెకరాల చేను, అందులో రెండెకరాలు చెరుకు. గానుగ ఆడే కాలంలో చుట్టుపక్కల నాలుగూళ్ళవాళ్ళు బెల్లం పాకం చూడడానికి ఆయన్ను పిలుచుకుపోయేవాళ్ళు. నురుగు రంగు చూసి, చల్లనీళ్ళలో ఒక చుక్క వేసి, పెనం ఏ క్షణాన దించాలో చెప్పేసేవాడు. అలాంటి మనిషి 1982, 83 ప్రాంతంలో పక్కనే పోసిన చెరుకు పిప్పి కుప్పకు తట్టుకుని పడడం మొదలైంది. కట్టేసిన ఎనుముకు గుద్దుకునేవాడు. గడప దాటేటప్పుడు ద్వారబంధం ఎడమ భుజానికి తగిలేది. "మనిషికి పరధ్యానం ఎక్కువైంది" అనేది మా అమ్మ. పాకం మాత్రం తప్పేవాడు కాదు. దినపత్రిక కూడా చివరి పేజీ అడుగున ఉండే చిన్న అక్షరాల దాకా చదివేవాడు. అంత చిన్న అక్షరం చదివే మనిషికి అంత పెద్ద ఎనుము ఎందుకు కనపడలేదు? ఆ ప్రశ్న మాకెవరికీ తట్టలేదు. ఎమ్మెస్సీ చదివి కాంతి, కటకాలు అంటూ పాఠాలు చెబుతున్న నాకూ తట్టలేదు.

నాయన మాత్రం తనకు "పొర వస్తా ఉండాది" అనుకున్నాడు. పొర అంటే శుక్లం. ఆ రోజుల్లో పొర బాగా పండేదాకా ఆపరేషన్ చేయించుకోకూడదని ఊళ్ళలో గట్టి నమ్మకం. దానికి కారణం లేకపోలేదు. అప్పటి శస్త్రచికిత్స అలాంటిది, డాక్టర్లు కూడా కొన్నాళ్ళు ఆగమనే చెప్పేవాళ్ళు. ఒక క్యాంపులో అక్షరాల అట్ట చదివించి, చూపు బాగానే ఉంది, పొర ఇంకా పండలేదు, మళ్ళీ రమ్మన్నారు. వాళ్ళు వచ్చింది పొరలు తీయడానికి, ఆ పని బాగానే చేశారు. మా నాయన జబ్బు అది కాదు, అంతే. ఆయన రెండేళ్ళు పొర పండుతుందని ఎదురుచూశాడు.

1985 సంక్రాంతికి ముందు చెరుకు కొడుతుంటే ఆకు అంచు కుడి కంటికి గీసుకుంది. ఆ కన్ను మూసుకుని ఇంటికి రాబోతే దారి లేదు. ఎడమ కంటికి వెలుతురు తెలుస్తున్నది గానీ మనిషి తెలియడం లేదు. ఆ కన్ను పోయి ఎన్నాళ్ళయిందో ఆయనకే తెలియదు. నేను ఆయన్ను పాకాలలో మీటరుగేజి రైలెక్కించి కాట్పాడిలో దింపుకుని వేలూరు తీసుకుపోయాను. అక్కడ డాక్టరుగారు చాలాసేపు చూసి చెప్పిన మాట ఇది: "పెద్దాయనా, ఇది పొర కాదు. నీటికాసులు. ఎడమ కన్ను ఇక రాదు. కుడి కంట్లో మిగిలింది కాపాడుకుందాం." తర్వాత నా వైపు తిరిగి "మీరెంతమంది పిల్లలు? నలభై దాటాక అందరూ కండ్లు చూపించుకోండి" అన్నారు. ఆ మాట డైరీలో రాసుకున్నాను. ఆ డైరీ ఇప్పటికీ నా దగ్గరుంది. దాని సంగతి తర్వాత.

ఇంగ్లీషులో గ్లాకోమా అనే ఈ జబ్బును మనవాళ్ళు నీటికాసులంటారు. పేరులో నీరు ఉంది గనక ఇది కన్నీటికి సంబంధించిందని చాలామంది అనుకుంటారు. మా అమ్మ అయితే నాయనను నీళ్ళు తక్కువ తాగమనేది. నిజానికి ఆ నీరు వేరు. కంటి నల్లగుడ్డు ముందు అద్దంలాంటి పొర ఉంది గదా, దానికీ లోపలి కటకానికీ నడుమ ఒక చిన్న జాగా ఉంది. పావు మిల్లీలీటరు పట్టేంత జాగా. అందులో ఒక నిర్మలమైన ద్రవం ఎప్పుడూ ఊరుతూ ఉంటుంది. నిమిషానికి సుమారు రెండున్నర మైక్రోలీటర్లు, అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతుకు రెండున్నర రెట్లు. రక్తనాళాలు లేని కటకానికీ ముందరి అద్దానికీ అదే ఆహారం. కంటిని గుండ్రంగా, బిగువుగా నిలబెట్టేది కూడా అదే. ఊరినంత నీరూ నల్లగుడ్డు అంచున ఒక మూలలో ఉన్న జల్లెడలాంటి కణజాలం గుండా బయటికిపోయి రక్తంలో కలుస్తుంది. గంటన్నర, రెండు గంటలకొకసారి పాత నీరంతా పోయి కొత్తనీరు వస్తుంది.

ఇది మన సీమవాళ్ళకు వేరే చెప్పనవసరం లేదు. ఇదొక చెరువు. వాగు నీళ్ళు తెస్తుంది, తూము నీళ్ళు వదులుతుంది. రెండూ సమంగా ఉన్నన్నాళ్ళు చెరువు నిండుగా, కట్ట భద్రంగా ఉంటుంది. తూములో ఒండ్రు పేరుకుంటే నీటిమట్టం పెరుగుతుంది, కట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది. గండి ఎక్కడ పడుతుంది? కట్ట ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడ. 2021 నవంబరు వానలకు తిరుపతి పక్కన రాయలచెరువు కట్ట నుంచి నీరు కారడం మొదలై, కింది పల్లెలను ఖాళీ చేయించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అంత పెద్ద కట్టలో అందరి కళ్ళూ ఆ ఒక్క చోటి మీదే నిలిచాయి. కంటి గోడలో అలాంటి బలహీనమైన చోటు వెనకవైపు ఉంది. చూపు నరం మెదడుకు బయలుదేరే రంధ్రం అది. పది, పన్నెండు లక్షల సన్నని పోగులు ఒక తాడులాగా పేనుకుని ఆ రంధ్రం గుండా బయటికి పోతాయి. లోపలి ఒత్తిడికి ఆ పోగులు నలిగి ఒక్కొక్కటిగా చచ్చిపోవడమే నీటికాసులు. నీరు ముందు, నష్టం వెనక. చచ్చిన పోగు మళ్ళీ మొలవదు. ఇప్పటిదాకా ప్రపంచంలో ఏ వైద్యానికీ దాన్ని మొలిపించడం చేతకాలేదు. శుక్లానికీ దీనికీ అసలు తేడా అక్కడే ఉంది. శుక్లం వల్ల పోయిన చూపు ఆపరేషన్‌తో తిరిగొస్తుంది. నీటికాసుల వల్ల పోయింది పోయినట్టే.

కంటి ఒత్తిడిని రక్తపోటులాగానే పాదరసం మిల్లీమీటర్లలో కొలుస్తారు. మామూలు మనుషులకు 10 నుంచి 21 దాకా ఉంటుంది. రక్తపోటుకూ దీనికీ నేరుగా లంకె లేదు. బీపీ లేనివాడికి కంటి ఒత్తిడి ఉండొచ్చు, ఉన్నవాడికి లేకపోవచ్చు. ఇంకో చిక్కుంది. ఒత్తిడి 21 లోపలే ఉన్నా కొందరికి నరం దెబ్బతింటుంది. కట్ట బలహీనమైతే మామూలు నీటిమట్టానికే గండిపడినట్టన్నమాట. పోనీ 25 ఉన్నా ఏళ్ళ తరబడి ఏమీ కానివాళ్ళూ ఉన్నారు. కాబట్టి ఒత్తిడి కొలిచి "మామూలుగానే ఉంది, పొండి" అంటే పరీక్ష అయిపోయినట్టు కాదు. వెనకనున్న నరం తలను చూడాలి.

ఇప్పుడు ఎనుము సంగతి. ఈ జబ్బులో మొదట పోయేది నడిమి చూపు కాదు, పక్కచూపు. అక్షరాలు చదివేది, సూదిలో దారం ఎక్కించేది, పాకం రంగు చూసేది నడిమి చూపు. అది చివరిదాకా నిలుస్తుంది. అందుకే అక్షరాల అట్ట చదివించే పరీక్షలో ఈ రోగి నూటికి నూరు మార్కులు తెచ్చుకుంటాడు. పోగుల్లో నాలుగో వంతు, మూడో వంతు పోయేదాకా యంత్రం పెట్టి చూసినా కొందరిలో లోటు బయటపడదు. పైగా ఒక కంటిలో పోయిన భాగాన్ని రెండో కన్ను పూడుస్తుంది. రెండు కండ్లలోనూ పోయిన చోటును మెదడు చుట్టుపక్కల రంగులతో తానే అల్లేసుకుంటుంది. పుస్తకాల్లో గ్లాకోమా రోగి చూపంటూ నల్లటి సొరంగం బొమ్మ వేస్తారు. అది చూసి "నాకలా నలుపేమీ లేదే" అని ధైర్యపడకండి. నాకు లోటు ఉంది, కానీ నలుపు ఎక్కడా లేదు. అక్కడ ఏదో గోడో ఆకాశమో ఉన్నట్టే ఉంటుంది. స్కూటరు మాత్రం ఉండదు, అకస్మాత్తుగా ముందుకొచ్చి పడుతుంది.

ఇదంతా నిదానంగా సాగే రకం, తూము నోరు తెరిచే ఉండి లోపల ఒండ్రు పట్టిన రకం. ఇంకో రకముంది. అందులో తూముకే తలుపు పడుతుంది. కొందరి కండ్లు చిన్నవిగా, ముందు జాగా ఇరుకుగా ఉంటాయి. నల్లగుడ్డులోని రంగు తెర ముందుకు వంగి నీరు పోయే మూలను మూసేస్తుంది. ఆడవాళ్ళలో, వయసు మళ్ళినవాళ్ళలో, దూరానికీ దగ్గరికీ కూడా ప్లస్ అద్దాలు వాడేవాళ్ళలో ఇది ఎక్కువ. మూత హఠాత్తుగా పడితే కన్ను ఎర్రబడి, సగం తల పగిలిపోయే నొప్పి, వాంతులు, దీపం చుట్టూ ఇంద్రధనుస్సులాంటి వలయాలు. సుశ్రుత సంహితలో అధిమంథమనే కంటివ్యాధి వర్ణన ఉంది. కన్నును కవ్వంతో చిలికినట్టు నొప్పి, సగం తలలో బాధ. అది ఈ తీవ్రమైన గ్లాకోమాయే కావచ్చని కొందరు పండితుల అభిప్రాయం. మన ఇళ్ళలో మాత్రం వాంతులు చూసి "పైత్యం చేసింది" అని నిమ్మకాయ నీళ్ళిస్తారు, తలనొప్పికి మాత్ర వేసి పడుకోమంటారు. గంటలు లెక్కపెట్టుకోవాల్సిన ఘట్టమిది. ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి పోతే మందులతో ఒత్తిడి దించి, లేజరుతో ఆ తెరకు చీమ తల కన్నా చిన్న చిల్లు పెడతారు. నీరు కొత్తదారి పట్టుకుంటుంది. ఆ తెరను కొంచెం కత్తిరిస్తే ఈ రోగం తగ్గుతుందని 1857లోనే జర్మనీలో ఫాన్ గ్రేఫె చూపించాడు. ఇప్పటి లేజరు ఆ ఆలోచనకు మనవడే.

అయితే మూత హఠాత్తుగానే పడాలని లేదు. మన ప్రాంతంలో నొప్పి లేకుండా మెల్లగా మూసుకుపోయేది ఎక్కువ. ఆ మాట ఊరికే అనడం లేదు. మనకు కూతవేటు దూరంలోని వేలూరులో 1990ల నడుమ 30 నుంచి 60 ఏళ్ళ లోపు వాళ్ళు 972 మందిని పరీక్షించారు. వెయ్యికి సుమారు 43 మందిలో ఈ మూసుకుపోయే రకం, 4 మందిలో తెరిచి ఉండే రకం కనిపించాయి. హైదరాబాదు ఎల్.వి.ప్రసాద్ కంటి సంస్థవాళ్ళు చేసిన ఆంధ్రప్రదేశ్ కంటివ్యాధుల సర్వేలో లెక్క వేరుగా వచ్చింది, తెరిచి ఉండే రకమే ఎక్కువ. నిర్వచనాలు వేరు, వయసులు వేరు కావడం అందుకు కొంత కారణం. నన్ను నిలబెట్టేసింది ఆ శాతాలు కాదు. హైదరాబాదు నగరంలో వాళ్ళు కనిపెట్టిన తెరిచి ఉండే రకం రోగులు 27 మంది. అందులో తమకు జబ్బుందని ముందే తెలిసినవాళ్ళు ఇద్దరు. సగానికి పైగా మందికి అప్పటికే నరం తీవ్రంగా దెబ్బతిని ఉంది. ఆసుపత్రులకు కొదవలేని మహానగరంలో సంగతి ఇది.

పల్లెల సంగతి మన పొరుగునే తెలిసింది. 2001 నుంచి చెన్నై శంకర నేత్రాలయ వాళ్ళు చెన్నై నగరంలోనూ, తిరువళ్లూరు, కాంచీపురం జిల్లాల పల్లెల్లోనూ నలభై దాటినవాళ్ళను వేల సంఖ్యలో చూశారు. 1960 దాకా మన చిత్తూరు జిల్లాలో ఉండిన తిరుత్తణి ఇప్పుడు ఆ తిరువళ్లూరు జిల్లాలోదే. నగరి, సత్యవేడు వాళ్ళకూ అక్కడివాళ్ళకూ పెళ్ళిసంబంధాలు, సంతలు, తిండి అన్నీ ఒకటే. ఆ పల్లెల్లో తెరిచి ఉండే రకం జబ్బు బయటపడినవాళ్ళలో నూటికి 98 మందికి పైగా అప్పటిదాకా ఆ సంగతే తెలియదు. మా నాయన ఒంటరివాడు కాడన్నమాట. దేశం మొత్తం మీద నలభై దాటినవాళ్ళలో కోటీ పన్నెండు లక్షల మందికి ఈ జబ్బు ఉంటుందని 2010లో ఒక అంచనా వేశారు. అందులో తెలిసినవాళ్ళెందరో మీరే ఊహించుకోండి.

ఇక డైరీ సంగతి. 1985లో నా వయసు ముప్ఫై. నలభై దాటింది 1995లో. ఆ మరుసటేడే నాయన పోయాడు. చివరి నాలుగేళ్ళు ఆయనకు కుడికన్ను కూడా చూపివ్వలేదు. రోజుకు నాలుగుసార్లు వేయాల్సిన పైలోకార్పిన్ చుక్కలు వేస్తే తలనొప్పి, లోకమంతా మసక. సీసా అయిపోతే మళ్ళీ తెచ్చేదాకా పది రోజులు. తెచ్చి ఇవ్వాల్సినవాణ్ణి నేనే. తిరుపతిలో ఉండి వారం వారం పోలేకపోయాను. పెనం ముందు కూర్చోబెడితే వాసన చూసి "ఇంకో రెండు పొంగులు రావల్ల" అనేవాడు, అదీ తప్పేవాడు కాదు. ఇవన్నీ చూసిన నేను 1995లో పోయి నా కండ్లు చూపించుకోవాలి గదా. పోలేదు. నాకు బాగా కనపడుతోంది, అదీ కారణం. 2004లో చదువుకునే అద్దాలు మార్చుకుందామని పోతే అక్కడి కుర్ర డాక్టరు నరం తల చూసి ఆగాడు. ఒత్తిడి ఒక కంట 28, ఇంకోదాంట్లో 26. కుడి కంటి చూపులో పైభాగంలో ఒక విల్లులాంటి లోటు. "మీ ఇంట్లో ఎవరికైనా ఉందా సార్?" అని అడిగాడు. ఉందని చెప్పడానికి నాకు సిగ్గేసింది.

నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో ఈ విషయాన్ని లెక్కగట్టారు. 1998లో అచ్చయిన ఆ ఫలితం ప్రకారం, రోగుల తోబుట్టువులకూ పిల్లలకూ జీవితకాలంలో ఈ జబ్బు వచ్చే అవకాశం నూటికి 22, మామూలు కుటుంబాలవాళ్ళకు నూటికి 2 పైచిలుకు. దాదాపు పదింతలు. మీ ఇళ్ళలో "జేజికి చివర్లో కండ్లు కనపడలేదు", "అబ్బకు పొర తీసినా చూపు రాలేదు" అనే మాటలు వినే ఉంటారు. అవి పొరలేనా అని ఒకసారి అడగండి.

కుటుంబం మాట వచ్చింది గనక ఇంకొకటి. పుట్టుకతో వచ్చే నీటికాసులు కూడా ఉంది. పాశ్చాత్య దేశాల్లో సుమారు పదివేల పుట్టుకలకు ఒకటైతే ఆంధ్రదేశంలో 3,300కు ఒకటి అని లెక్క తేలింది. మేనరికాలు, అక్కకూతురిని చేసుకోవడాలు మన దగ్గర ఎక్కువ కావడమే దీనికి ముఖ్యకారణమంటారు. పసికందు కంటి గోడ మెత్తనిది గనక ఒత్తిడికి కన్నే సాగి పెద్దదవుతుంది. ఇంట్లోవాళ్ళు "ఎంత పెద్ద కండ్లో, కలువ రేకులే" అని మురిసిపోయి దిష్టిచుక్క పెడతారు. కండ్లు మరీ పెద్దవిగా ఉండి, వెలుతురు చూడలేక, నీరు కారుతూ, నల్లగుడ్డు మసకబారినట్టుంటే మురిసిపోకుండా ఆ వారమే చూపించాలి. శస్త్రచికిత్స ఎంత తొందరగా జరిగితే అంత చూపు మిగులుతుంది.

విద్యార్థులు ఇక్కడిదాకా చదివి, ఇది నలభై దాటినవాళ్ళ గొడవ, పసిపిల్లల గొడవ, మనకేం అనుకోవచ్చు. మీకు సంబంధించినవి రెండున్నాయి. ఒకటి దెబ్బ. క్రికెట్ బంతి, టపాకాయ, పిడిగుద్దు. కంటికి గట్టిగా తగిలి ఎరుపు తగ్గిపోయినా లోపలి జల్లెడ చిరిగి ఉంటే ఒత్తిడి పదేళ్ళకు పెరగొచ్చు. అలా తగిలినవాళ్ళు ఏటా ఒకసారి చూపించుకోవాలి.

రెండోది ఇంకా ముఖ్యం. స్టెరాయిడ్ చుక్కలు. 2023 జులై, ఆగస్టుల్లో కండ్లకలక ఊళ్ళకు ఊళ్ళనే చుట్టేసింది, హాస్టళ్ళలో చెప్పనే అక్కర్లేదు. మందుల షాపుకు పోయి "కండ్లెర్ర" అంటే ఏదో సీసా ఇస్తారు. వేసుకున్న గంటలోనే ఎరుపు, దురద మాయం. ఆ మహిమ చాలాసార్లు స్టెరాయిడ్‌ది. నాలుగు రోజులు డాక్టరు చెబితే వాడితే అది మంచి మందే. నెలల తరబడి సొంతంగా వాడితే ముగ్గురిలో ఒకరికి కంటి ఒత్తిడి పెరుగుతుంది, కొందరికి బాగా పెరుగుతుంది. నా విద్యార్థి ఒకడు దురదకని ఏడాదిన్నర అలాంటి సీసాలు కొని వేసుకున్నాడు. ఖాళీ సీసా చూపించి మళ్ళీ మళ్ళీ తెచ్చుకునేవాడు. డిగ్రీ ఆఖరి ఏడులో బోర్డు మీద అక్షరాలు మసకేసి చూపించుకుంటే ఒక కంటి నరం సగం పోయింది. ఇరవయ్యేళ్ళవాడికి ఎనభయ్యేళ్ళవాడి నరం. సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అనే పేర్లుంటే చీటీ లేకుండా ముట్టుకోకండి. ఆస్తమా, చర్మవ్యాధులు, కీళ్ళ జబ్బులకని స్టెరాయిడ్లు చాలాకాలం వాడేవాళ్ళు కూడా కంటి ఒత్తిడి చూపించుకోవడం మంచిది. అలాగని ఆ మందులు మీ అంతట మీరే మానేయకూడదు.

పరీక్షలకు భయపడేవాళ్ళున్నారు. నొప్పి ఏమీ ఉండదు. మత్తుచుక్క వేసి నీలికాంతిలో ఒక చిన్న బొడిపెను కంటికి ఆనించి ఒత్తిడి కొలుస్తారు. అద్దం పెట్టి నీరు పోయే మూల తెరిచి ఉందో మూసి ఉందో చూస్తారు. పాపను విప్పార్చే చుక్కలు వేసి నరం తల చూస్తారు. అది పళ్ళెంలాగా ఉండి మధ్యలో ఒక గుంట ఉంటుంది, జబ్బు ముదిరేకొద్దీ గుంట పెద్దదవుతుంది. ఆ రోజు మాత్రం బండి నడుపుకుంటూ ఇంటికి రావద్దు, ఎండకు కండ్లు తెరవలేరు. చివరిది చూపు విస్తీర్ణం పరీక్ష. గిన్నెలాంటి యంత్రంలో గడ్డం ఆనించి కూర్చుంటే ఎక్కడెక్కడో మినుకుమినుకుమని చుక్కలు వెలుగుతాయి. వెలిగినప్పుడల్లా బొత్తాం నొక్కాలి. జీవితమంతా పిల్లలకు పరీక్షలు పెట్టినవాణ్ణి, మొదటిసారి కూర్చున్నప్పుడు కంగారుపడి వెలగని చుక్కలకు కూడా నొక్కాను. యంత్రం దాన్నీ పట్టేసింది, కాపీ కొట్టినట్టు కింద అచ్చేసింది.

వైద్యమంటే ప్రస్తుతానికి ఒత్తిడి దించడమే. అది తక్కువ పని కాదు. అమెరికాలో జరిగి 2002లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, ఒత్తిడి ఎక్కువుండి జబ్బింకా రానివాళ్ళకు చుక్కలిచ్చి ఐదవ వంతు తగ్గిస్తే, ఐదేళ్ళలో జబ్బు వచ్చినవాళ్ళు నూటికి 9.5 నుంచి 4.4కు తగ్గారు. నాయన కాలంలో పైలోకార్పిన్, ఆ వెనక టిమొలాల్. 1990ల చివరినుంచి రాత్రికి ఒక్క చుక్కతో సరిపోయే లాటనోప్రోస్ట్ వంటివి వచ్చాయి. అవి ముప్ఫై ఏళ్ళ ముందే వచ్చివుంటే అని నేను అనుకోని రాత్రి లేదు. టిమొలాల్ ఆస్తమా ఉన్నవాళ్ళకూ, గుండె నిదానంగా కొట్టుకునేవాళ్ళకూ ప్రమాదం, ముందే డాక్టరుకు చెప్పాలి. కొన్ని చుక్కలను సీసా తెరిచేదాకా ఫ్రిజ్‌లో ఉంచాలి. తిరుపతి మే నెల ఎండలో స్కూటరు డిక్కీలో పెట్టి మరిచిపోతే ఆ మందు మందుగా మిగలదు. చుక్క వేసే పద్ధతి కూడా నేర్చుకోవాల్సిందే. కింది రెప్పను లాగి ఒక్క చుక్క వేసి, కన్ను మూసి, ముక్కు పక్క మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కి పట్టుకోవాలి. లేకపోతే మందు గొంతులోకి దిగిపోతుంది. రెండు మందులుంటే నడుమ ఐదు నిమిషాలైనా ఆగాలి. చుక్కలు చాలకపోతే లేజరు, అదీ చాలకపోతే నీటికి పక్కదారి చేసే ఆపరేషన్. ఇవన్నీ ఉన్నదాన్ని నిలబెట్టడానికే. అందుకే రోగికి విసుగు. చుక్క వేసుకున్నా చూపు పెరగదు, మానేసినా రేపే తగ్గదు. మానేసినవాళ్ళు ఆ తేడాను రెండేళ్ళ తర్వాత గాని కనుక్కోలేరు.

ఇంకొక సంగతి. ఉదయాన్నే శీర్షాసనం వేసే మిత్రులకు. తలకిందులుగా నిలబడితే కంటి ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది. జబ్బున్నవాళ్ళు మిగతా ఆసనాలతో సరిపెట్టుకోవాలి. నడక మంచిది. రాత్రిళ్ళు చదివితే, టీవీ చూస్తే నీటికాసులు వస్తుందనేది మాత్రం ఉత్తమాట. పరీక్షలముందు ఆ సాకు పనికిరాదు.

మా చెల్లెలు నగరిలో ఉంటుంది. 2004లో నాకు బయటపడినప్పటినుంచి పోయినప్పుడల్లా చెప్పేవాణ్ణి. "నాకేమన్నా, బాగా కనపడతా ఉండాది గదా" అనేది. నేను 1995లో చెప్పుకున్న మాటే. నేనేమని వాదించేది? వేలూరు దూరం, చెన్నై ఖర్చు, చేనేత పని, కోడలి కాన్పు, ఏదో ఒకటి. 2019లో అరవింద్ వాళ్ళు తిరుపతిలోనే ఆసుపత్రి తెరిచారు, రుయాలో కంటి విభాగం ఎప్పటినుంచో ఉంది, ఇంక సాకులు చెల్లవని ఒకరోజు బస్సెక్కించి తీసుకొచ్చాను. ఆమెకు రెండు కండ్లలోనూ ఒత్తిడి 24. నరంలో గుంట పెద్దదవడం మొదలైంది గానీ చూపులో లోటు ఇంకా రాలేదు. చుక్కలు రాశారు. నాలాగా గీత దాటి పోలేదు, నాయనలాగా అసలే పోలేదు.

ఆమె మనవరాలు ఈ కళాశాలలోనే రెండో ఏడు చదువుతోంది. ఈ సంచిక ఆ పిల్లకూ ఒక కాపీ వస్తుంది. ఆమెకు నలభై నిండే సంవత్సరం లెక్కవేసి మా చెల్లెలు వంటింటి క్యాలెండరు వెనక పెన్నుతో రాసిపెట్టింది. క్యాలెండరు ఏడాదికి చింపేస్తారు గదమ్మా అంటే, "జనవరిలో ఇంకోదాని మీద రాస్తాలేన్నా" అంది.